పదకొండు రోజుల కలి

సొరపాదును రేకుల మీదికి ఎక్కించాలా వద్దా అన్న తగువు ఆ ఇంట్లో అప్పటికి నాలుగు రోజులుగా నడుస్తున్నది.

“క్వార్టర్ కంపెనీది. రేకులు కంపెనీవి. రేపు పలిగితే జవాబు చెప్పేటోన్ని నేను,” అన్నాడు వేణుమాధవ్, మొదటి షిఫ్టుకు బూట్లు కట్టుకుంటూ.

“సొరతీగ బరువుకు పలుగుతయా? రోజూ బ్లాస్టింగు పెడితే ఇల్లంత గజగజ వణుకుతది. దానికెవరు జవాబు చెప్తున్నరు?” తల్లి అనసూర్య పొయ్యి దగ్గరి నుంచి లేవకుండానే అన్నది.

“అది వేరే ముచ్చటమ్మా.”

“నాకు ఒక్కటే ముచ్చట. ఎండకాలం ఈ రేకుల కింద వండేది నేను. ఉడికేది కూరనో నేనో తెలుస్తలేదు.”

ఆమె భర్త లింగమూర్తి ఎవరి పక్షమూ మాట్లాడలేదు. వాకిట్లో స్టూలు వేసుకొని సుతిలి తాడు పేనుతున్నాడు. ఆ తాడు దేనికో భార్యకూ తెలుసు, కొడుకుకూ తెలుసు. ముప్పై మూడేళ్లు బొగ్గుబాయి మీద, కార్మికుల టోపీలైట్లు చార్జి చేసే లాంపు రూంలో పనిచేసి రిటైరైన మనిషి ఆయన. మాటల్లో దూరడు, పని మాత్రం చేసిపెడతాడు.

వంటింటి గడపలో నిలబడి అంబలి తాగుతున్న కోడలు జమునకు నవ్వు వచ్చింది గానీ బయటపడనివ్వలేదు. ఖాకీ చొక్కా వేసుకున్నాక ఇంటి తగువుల్లో తీర్పు చెప్పకూడదని ఆమె పెట్టుకున్న నియమం. పైగా ఆ పొద్దు ఆమె మనసు మనసులో లేదు.

ఆరుంబావుకు ఫోన్ మోగింది. డిగ్రీ కాలేజీలో సైన్సు చెప్పే దీప. ఇద్దరూ పదో తరగతి దాకా ఒకే బెంచీ మీద కూర్చున్నవాళ్లు.

“నీ కలి పని అయింది జమునా. తొమ్మిదింటికి కాలేజికి రా.”

“ఏం తేలింది?”

“నువ్వు అడిగినదానికి జవాబు దొరికింది.” దీప కొంచెం ఆగింది. “అడగనిదానికి కూడ. ఫోన్ల చెప్పేది కాదు, రా.”

జమున గ్లాసు కడిగి బోర్లించి, బండి తాళం తీసుకున్నది.

ఆగయ్య చనిపోయి ఆ సోమవారానికి ముప్పై ఎనిమిది రోజులు. అదే క్వార్టర్ల లైనులో మూడిళ్ల అవతల ఉండే కోల్‌ఫిల్లర్, బాయిలో బొగ్గు నింపే మనిషి. మార్చి ఐదున కడుపు పట్టుకొని పడిపోయి, మూర్ఛలు వచ్చి, దవాఖానలో కళ్లు మూశాడు. సీసమేమోనని డాక్టరు ఆ రోజే అన్నాడు. వంటింట్లో ఉన్న కలిని బాటిల్లోకి పోయించి, ముద్ర వేసి హైదరాబాద్ ల్యాబుకు పంపింది ఏఎస్సై జమునే. అన్నం గంజి, బియ్యం కడిగిన నీళ్లు పులియబెట్టిన ఆ కలిలోనూ, ఆగయ్య కడుపులోనూ సీసం ఉన్నదని రిపోర్టు శనివారం వచ్చింది. ఆదివారం సాయంత్రం ఆరింటికి సీఐ విజయేంద్ర ఆగయ్య భార్య సారవ్వను అరెస్టు చేశాడు. ఇవ్వాళ ఆరు లోపల మెజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. ఆ తర్వాత జైలే. ఆమె ఒళ్లో ఐదు నెలల పిల్ల ఉన్నది.

*

స్టేషన్లో సారవ్వ గోడకు ఆనుకొని కూర్చున్నది. పిల్ల పాలు తాగుతూ నిద్రపోయింది. జమున కుర్చీ పక్కకు జరిపి కింద కూర్చున్నది.

“సారవ్వా, మళ్ల ఒకసారి అడుగుత.”

“అడుగుండ్రి మేడం. మీకు అడుగుడు పని, నాకు చెప్పుడు పని.”

“కాన్పుకు మీ అవ్వగారింటికి ఎన్నడు పోయినవ్?”

“సద్దుల బతుకమ్మకు మూడొద్దుల ముందట. కాసిపేట నుంచి మా తమ్ముడు వచ్చి తీస్కపోయిండు.”

“తిరిగి ఎన్నడు వచ్చినవ్?”

“శివరాత్రి ఎల్లిన పదో రోజు. సోమారం. పదింటి బస్సుకు దిగిన.”

ఫిబ్రవరి ఇరవై రెండు. ఆగయ్య చనిపోయింది మార్చి ఐదు. మధ్యలో పదకొండు రోజులు. సీఐ కేసంతా ఆ పదకొండు రోజుల్లోనే ఉన్నది.

“వచ్చిన తెల్లారి లొల్లి పెట్టుకున్నవట.”

“పెట్టుకున్న. ఐదు నెలలు బువ్వ వండుకోలేదు మేడం ఆ మనిషి. డ్యూటీ దిగి వచ్చుడు, గుండిలకెల్లి కలి ముంచుకొని రెండు చెంబులు తాగుడు, పండుడు. బొక్కలు తేలిండు. ‘గిట్లయితే సచ్చిపోతవ్’ అన్న. గదే మాట లైనంత విన్నరు.” సారవ్వ పిల్ల తల నిమిరింది. “అన్నట్టే అయింది.”

“నీ పెట్టెల సింధూరం పొట్లం దొరికింది.”

“ఆంజనేయునిది. పిల్లకు దిష్టి తగలకుండ మా అవ్వ ఇచ్చింది. చిటికెడు తీసిన. పొట్లం మీ దగ్గర్నే ఉన్నది, చూసుకోండ్రి.”

జమున తర్వాతి ప్రశ్న అడగడానికి కొంచెం తడుముకున్నది. “అందరు తాగే కలి, నువ్వెందుకు తాగలే?”

సారవ్వ ఆమె మొహం చూసింది. ఆ చూపులో కోపం లేదు, ఆశ్చర్యం ఉన్నది.

“మీకు పిల్లలు లేరా మేడం?”

“ఒక్క కొడుకు.”

“ఆని మూడో నెల్ల మీరు కలి తాగిన్రా?”

జమునకు అప్పుడు గుర్తొచ్చింది. రుత్విక్ పుట్టినప్పుడు ఐదు నెలలు అనసూర్య తనను పులిసిన దేన్నీ ముట్టనివ్వలేదు. మజ్జిగ గ్లాసు కూడా చేతిలో నుంచి గుంజుకున్నది. పాలు తాగే పిల్లకు చేస్తుందని బాలింతలను కలికి దూరం పెట్టడం ఈ చుట్టుపక్కల ఏ ఇంట్లోనైనా ఉన్నదే. అది తనకు తెలియనిది కాదు. అయినా ఆగయ్య చనిపోయిన నాటి రిపోర్టులో తన చేత్తోనే రాసింది: ‘మృతుడు ప్రతిదినము సదరు కలిని తాగుచుండెను. భార్య మాత్రము ఒక్కదినము కూడ దానిని ముట్టలేదు.’ సీఐ ఆ వాక్యం కింద ఎర్రసిరాతో గీత గీశాడు.

ఆ రోజు తొందరలో ఉన్నది. ఏడు నెలల తర్వాత దొరికిన పెద్ద కేసు. ఆ వాక్యం రాసినప్పుడు తనకు కొంచెం గర్వంగా కూడా అనిపించింది.

“కలి దేంట్ల ఉండె?” అన్నది.

“నేను పోయేటప్పుడు మట్టికుండల. వచ్చి చూస్తె ఇత్తడి గుండిల. కుండ పలిగిందని చెప్పిండు. గుండి మా అత్తది. పొట్టకు చిల్లి పడితె ఎన్నేండ్లకెల్లో అటక మీద ఉండె. చిల్లి పూడిపిచ్చి, లోపలంత కళాయి పోయిచ్చిండు. తళతళ మెరుస్తుండె.”

“ఎవరితోని పోయిచ్చిండు?”

“నేను లేను గద మేడం.”

జమున లేచింది. కలిని బాటిల్లో పోయించుకున్న రోజు ఆ గుండిని అక్కడే వదిలేసి వచ్చింది తను. కడిగేస్తామని కానిస్టేబుల్ అంటే సరే అన్నది కూడా తనే.

*

విజయేంద్ర ఎనిమిదిన్నరకు వచ్చాడు. మంథని మనిషి, చదువుకున్నవాడు. గొంతు పెంచకుండా మాట్లాడతాడు. ఆ గొంతు పెంచకపోవడమే స్టేషన్లో అందరికీ భయం.

“రిమాండ్ రిపోర్టు తయారుగా ఉందా జమునగారూ?”

“ఒక్క రోజు ఆగితె మంచిది సార్. బాలింతలు కలి ముట్టరు. నేను రాసిన మాటకు అర్థమే లేదు.”

“ఆ మాట రాసింది మీరే. బాలింత అన్న సంగతి ఆ రోజు మీకు కనపడలేదా?”

“కనపడాలె. తప్పు నాది.”

“తప్పు ఒప్పుకుంటే రిపోర్టులో సీసం మాయమవుతుందా? సింధూరంలో ఉండేదేంటి? సీసమే. పొట్లం ఎవరి పెట్టెలో ఉంది? ఆవిడ పెట్టెలో. మొగుడితో గొడవ పడ్డది ఎవరు? చస్తావని అన్నది ఎవరు?”

“పొట్లంల తీసింది చిటికెడే సార్. ఇంకొకటి. నేను ఆ ఇంటికి పోయినప్పుడు కలి పొంగుతున్నది. మూత లేస్తున్నది. మనిషిని చంపేటంత విషం ఒకటేసారి పోస్తె అండ్ల పులియబెట్టేది మొదలు సావాలె. బతికి ఎట్ల పొంగింది?”

విజయేంద్ర కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. “కలి పొంగిందని మెజిస్ట్రేటుకు చెప్తారా?”

“ఒక బాటిల్ వేరేగ తీసి దీపకు ఇచ్చిన. డిగ్రీ కాలేజి లెక్చరర్. ఇయ్యాల చెప్తనన్నది.”

రైటర్ రాయడం ఆపి తల వంచుకున్నాడు.

“కేసు ప్రాపర్టీ మీ స్నేహితురాలికి ఇచ్చారు,” అన్నాడు విజయేంద్ర నెమ్మదిగా. “ఇది రాసిపెడితే మీ ఉద్యోగం ఏమవుతుందో తెలుసా?”

“తెలుసు సార్.”

“ప్రమోషన్ లిస్టులో మీ పేరు నేనే పంపాను. అందుకు బాధగా ఉంది.” కళ్లద్దాలు పెట్టుకున్నాడు. “నాకు పొంగులూ నురగలూ వద్దు. సీసం ఆ కలిలోకి ఎవరి చేతి మీదుగా పోయిందో ఆ మనిషి పేరు కావాలి. సంతకం చేసిన కాగితం మీద కావాలి. ఐదు దాకా చూస్తాను. ఐదున్నరకు సారవ్వ జీపెక్కుతుంది.”

*

దీప ల్యాబులో కిటికీ కింద బల్ల మీద చిన్న గాజుపళ్లేలు మూడు వరసలుగా ఉన్నాయి. మూడో వరస మీద దినపత్రిక కప్పి ఉన్నది.

“వరసకు ఆరు పళ్లేలు,” అన్నది దీప. “అన్నిట్ల ఈస్ట్ పెరిగేతందుకు తిండి పెట్టిన. ఒకటో పళ్లెంల సీసం లేదు. రెండో దాంట్ల కొంచెం, మూడో దాంట్ల ఇంకింత, గట్ల పెంచుకుంట పోయిన. ఈ మొదటి వరస బేకరీల దొరికే ఈస్ట్. చూడు.”

రెండో పళ్లెంలో తెల్ల చుక్కలు చిక్కిపోయాయి. మూడో దాంట్లో ఏమీ లేదు.

“ఇగ ఇది ఆగయ్య కలిల ఉన్న ఈస్ట్.”

రెండో వరసలో ఐదో పళ్లెం దాకా చుక్కలున్నాయి. పోయినకొద్దీ వాటి రంగు మారింది. ఐదో పళ్లెంలో కాఫీపొడి చల్లినట్టున్నది.

“రంగెందుకు మారింది?”

“సీసం లోపలికి వస్తె ఈస్ట్ కణం మొదలు పెరుగుడు బంద్ చేస్తది. ఉన్న తాకతంత దాన్ని పట్టుకునుడు మీద పెడతది. గంధకం ఉండే పదార్థం తయారు చేసుకొని, సీసాన్ని దానికి అంటగట్టి, లోపల ఒక సంచిల పెట్టి మూసుకుంటది. గంధకం, సీసం కలిస్తె నల్లవడ్తది. గది ఈ రంగు.”

“ఆ సంచి చాలకపోతే?”

“సస్తది. చాలినయి మిగిలి, పిల్లలు పెడతయి. మనం పాత కలి అడుగున ఉంచి, మీదికెల్లి రోజూ కొత్త నీళ్లు పోస్తం గద. బతికినయే మళ్ల మళ్ల పెరుగుతయి. గట్ల ఓర్చుకునుడు నేర్చుకుంటయి. కానీ జల్ది నేర్చుకోవు.”

“పదకొండు రోజులల్ల?”

“నువ్వు ఆ మాట అన్నవని నేను చేసి చూసిన.” దీప నోటుబుక్కు తెరిచింది. “మా ఇంటి కలి తీసుకున్న. ఒక గిన్నెల సింధూరం ఒక్కటేసారి కుమ్మరించిన. తెల్లారి వరకు పొంగు లేదు, వాసన లేదు, పీనుగ లెక్క అయింది. ఇంకో గిన్నెల రోజు కొంచెం కొంచెం సీసం ఇచ్చిన. పదకొండో రోజు మూడో పళ్లెం దాటలేదు. ముప్పయ్యో రోజుకు కష్టంగ నాలుగు. ఐదు దాకా రావాలంటే నెలలు పడుతది. ఆ గుండిలకు సీసం వచ్చింది సారవ్వ బస్సు దిగిన తర్వాత కాదు జమునా. ఆమె కాసిపేటల ఉన్నప్పుడే.”

జమున కుర్చీ లాక్కొని కూర్చున్నది. ముప్పై ఎనిమిది రోజులుగా గుండెల మీద ఉన్న బరువు కదిలింది గానీ దిగలేదు.

“కోర్టుల నడుస్తదా?”

“నేను పాఠాలు చెప్పేదాన్ని. పెద్ద ల్యాబుల మళ్ల చెయ్యాలె, వాళ్లే రాసియ్యాలె. దారి మాత్రం ఇదే.”

“మూడో వరస ఏంది?”

దీప వెంటనే పేపరు తియ్యలేదు. “మంచి కలి ఎట్లుంటదో పోల్చుకునేతందుకు నీ ఇంటి కలి తెచ్చిచ్చినవ్ గద. దాంతోనే మొదలుపెట్టిన. తర్వాత మా ఇంటిది ఎందుకు తీసుకున్ననో తెలుసా?”

పేపరు తీసింది. నాలుగో పళ్లెం దాకా గోధుమరంగు చుక్కలు.

“నేనే ఎక్కడనో కలిపేసిననేమో అనుకున్న. మూడుసార్లు చేసిన. మూడుసార్లు ఇంతే.”

పొద్దున జమున తాగిన అంబలి కూడా ఆ కలితో కాచినదే.

“మీ ఇంట్ల ఎవరికన్న కడుపునొప్పి, తిమ్మిర్లు ఉన్నయా?” దీప అడిగింది.

అత్తకు కుడిచేయి పట్టు తప్పుతున్నది. చెంబు జారవిడిస్తే వయసు అనుకున్నారు. రుత్విక్ వచ్చిన ఎక్కాలు మరిచిపోతున్నాడని టీచరు చీటీ పంపితే, పోయిన వారమే జమున వాణ్ని రెండు దెబ్బలు వేసింది. దెబ్బలు తింటూ వాడు, “నాకు యాదికి ఉంటలేదమ్మా, నిజంగనే,” అన్నాడు. తను వినలేదు.

“నీళ్లల్లనా దీపా?”

“మా ఇంటికి కూడ అదే నల్లా. బియ్యం అదే దుకాణం. కలికి ఇంకేం తగులుతది చెప్పు?”

“అది ఉండే గుండి,” అని జమున లేచి బండి దగ్గరికి నడిచింది.

*

ఆగయ్య క్వార్టర్ తాళం తీసేసరికి పన్నెండు దాటింది. పక్కింటి పోశవ్వనూ, ఎదురింటి రాయమల్లునూ సాక్షులుగా పిలిచింది. వంటింట్లో అటక మీద ఖాళీ జాగా, పొయ్యి పక్కన పాత కుండ పెంకులు. గుండి పెరట్లో గోడ వారన బోర్లించి ఉన్నది.

దాన్ని ఎండలోకి జరిపి తిరగేసింది. పొట్ట దగ్గర బొటనవేలంత అతుకు. లోపలంతా ఒకే పూత, ఒకప్పుడు మెరిసి ఉంటుంది, ఇప్పుడు బూడిదరంగుకు తిరిగింది. కలి నిలిచే మట్టం దాకా పూత పలచబడి గరుకుగా ఉన్నది. మట్టానికి పైన నున్నగా ఉన్నది. కలి దాన్ని తిన్నది. తిన్న కలిని ఆగయ్య తాగాడు.

జమున డైరీలో నుంచి తెల్లకాగితం చింపి, మడిచి, పూత మీద గట్టిగా రుద్దింది. కాగితం మీద పెన్సిలు గీసినట్టు నల్లని చార పడింది. కళాయికి వాడాల్సిన తగరం ఇట్లా గీత పెట్టదు. చిన్నప్పుడు పారేసిన లైటు బ్యాటరీల్లోని సీసం రేకుముక్కలు ఏరుకొని గోడల మీద ఇట్లాంటి గీతలే గీసేవాళ్లు. బాయి పిల్లలందరికీ తెలిసిన బలపం అది.

“పోశక్కా, ఈ గుండికి కళాయి పోసింది ఎవరు?”

పోశవ్వ నవ్వింది. “గిదేం అడుగుడు చెల్లే. నీకెరుక లేనట్టు.”

“నాకెరుకైతె చాలదు. నీ నోట రావాలె, చెప్పు.”

“మీ మామనే గద. లింగమూర్తన్న.”

రాయమల్లు కూడా తలూపాడు. “మా బిందె ఓటు పడితె ఆయనే అతికిండు. మంచి చెయ్యి. కళాయిసాబు ఇప్పుడు ఎక్కడ వస్తున్నడు బిడ్డా ఈ దిక్కు?”

జమున కాగితాన్ని మడిచింది. డైరీలో పెట్టుకున్నది. “ఎన్నడు పోసిండు?”

“సారవ్వ కాన్పుకు పోయిన వారంల్నే,” అన్నది పోశవ్వ. “కుండ పలిగితె ఆగయ్య కలి దేంట్ల పోయాల్నా అని కూసున్నడు. మీ మామ ఇటుకెల్లి పోతుండె. ‘గంత ఫికరెందుకు, అటక మీది గుండి దించు’ అన్నడు. బాయి మీద కొత్త లైట్లు వచ్చినంక పాత బ్యాటరీలు పడేసిన్రట, అండ్లయి రేకులు సంచిల తెచ్చుకున్నడు. గిదే పెరట్ల కొలిమి పెట్టి, రేకులు కరగబోసి, నవాసాగరం చల్లి, దూదితోని రుద్దిండు. అద్దం లెక్క అయింది. మేమంత చూసినం. ఆయన చాయ తాగి పోయిండు.”

“నీ ఇంట్ల కూడ పోసిండా?”

“నా గంజుకు. ఎందుకు చెల్లే, గట్ల అడుగుతున్నవ్?”

“ఆ గంజుల ఇయ్యాల్టి నుంచి ఏం వండకు. చింతపులుసు అసలే పొయ్యకు. రాయమల్లు కాకా, నువ్వు ఆ బిందె నీళ్లు తాగకు. ఎందుకో సాయంత్రం వచ్చి చెప్త.”

జమున వాళ్లు చెప్పింది చెప్పినట్టు రాసి, ఇద్దరి సంతకాలు తీసుకొని, గుండిని గోనెసంచిలో కట్టించింది. ఒంటిగంటా నలభై నిమిషాలు. సీఐకి ఫోన్ చేసింది.

“మనిషి దొరికిండు సార్.”

“ఎవరు?”

“ఐదింటికి కాగితం తెస్త.”

“పేరు చెప్పడానికి ఐదింటి దాకా కావాలా?”

“కావాలె సార్,” అని పెట్టేసింది.

ఎండలో బండి పక్కన చాలాసేపు నిలబడింది. తను పోలీసు పరీక్ష రాస్తానంటే అత్త ముక్కు మీద వేలేసుకున్న రోజు, “పోనియ్యి, దానికి తెలివున్నది” అన్నది లింగమూర్తే. పరుగు పరీక్షకు పొద్దున నాలుగింటికి లేపి, గ్రౌండు దాకా సైకిలు మీద వెంట వచ్చిందీ ఆయనే. సంచిలోని గుండి బరువు ఆమె ఎత్తలేనిది కాదు. అయినా కానిస్టేబుల్‌ను పిలిచి ఎత్తించుకున్నది.

*

మూడుమ్ముప్పావుకు ఇంటికి వచ్చేసరికి అందరూ ఉన్నారు. వేణుమాధవ్ షిఫ్టు దిగి స్నానం చేసి తల తుడుచుకుంటున్నాడు. రుత్విక్ హోంవర్కు ముందు కూర్చున్నాడు. జమున నేరుగా వంటింట్లోకి పోయి, కలి ఉన్న గుండిని రెండు చేతులా పట్టి తెచ్చి ముందుగదిలో నడుమ పెట్టింది. మూత తీసి ఇంకో కాగితంతో పై అంచు రుద్దింది. నల్లని చార.

“ఇండ్లకెల్లి ఇగ ఎవ్వరూ ఒక్క చుక్క తాగొద్దు. రేపు పొద్దున అందరం దవాఖానకు పోయి రక్తం ఇయ్యాలె. రుత్విక్ కూడ.”

తర్వాత చెప్పింది. దీప గాజుపళ్లేల దగ్గరి నుంచి పోశవ్వ పెరటి దాకా, ఏదీ దాచకుండా, మామ మొహం చూడకుండా చెప్పింది.

లింగమూర్తి గుండి దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. వేలితో లోపలి పూతను తడిమాడు.

“సీసం మంచిది కాదని నాకు తెల్వదా బిడ్డా? ముప్పై మూడేండ్లు చేతులు సబ్బుతోని కడిగినంకనే సద్ది విప్పిన. పొడి నోట్లకు పోవద్దు, ఆసిడు మీద పడొద్దు అని చెప్తుండ్రి. గట్టిగ గడ్డకట్టినంక అది లోహమే గద, ఏం చేస్తదనుకున్న. కలి దాన్ని కరిగిస్తదని నాకు తట్టలే.” ఆయన వేలిని పంచెకు తుడుచుకున్నాడు. “మొన్న ఆగయ్య కాష్టానికి నేనే కట్టెలు పేర్చిన.”

“కావాలని చేసిండా?” వేణుమాధవ్ తువాలు కుర్చీ మీద పడేశాడు. “లైనంతకు చేసిపెట్టిండు. ఆయన ఇల్లు కూడ ఇదే విషం తాగింది. నీ కాగితంల కళాయి పోసినోడు ఎవరో తెల్వదని రాస్తె ఏమైతది?”

“సారవ్వ ఐదున్నరకు జీపెక్కుతది.”

“ల్యాబు రిపోర్టులు వస్తయి గద. నెలకో రెండు నెలలకో ఇడిసిపెడతరు.”

“అప్పటిదాక పిల్ల జైల్ల పెరగాల్నా? పేరు లేకుంటె మిగిలిన గిన్నెలు ఎవరిండ్లల్ల ఉన్నయో ఎట్ల తెలుస్తది? మామకు తప్ప ఎవ్వరికీ తెల్వదు.”

“మా నాయినను నువ్వే పట్టిచ్చుడు. రేపు మనం ఈ లైన్ల ఎట్ల నడవాలె?”

జమున గుండి మీద మూత పెట్టింది.

అనసూర్య అప్పటిదాకా గోడకు ఆనుకొని కుడిచేతిని ఎడమచేత్తో పిసుక్కుంటున్నది. “సారవ్వ పిల్లకు ఎన్ని నెలలు?” అని అడిగింది.

“ఐదు.”

“పాలపిల్ల,” అన్నది ఆమె. కొడుకు వైపు ఒకసారి చూసింది. వేణుమాధవ్ తల తిప్పుకున్నాడు.

లింగమూర్తి కూర్చున్నచోటే వేళ్లు మడుస్తున్నాడు. “ఆగయ్యది, పోశవ్వది, రాయమల్లు బిందె, మనది. వెనుక లైన్ల బడిపంతులు ఇంట్ల రెండు. బెల్లంపల్లిల మా చెల్లె బిడ్డకు పెండ్లికి గంజు ఇచ్చిన, అది కూడ.” పదిహేడు దాకా వచ్చి ఆగాడు. “ఇంకొకటి ఎవరిదో యాదికొస్తలేదు. యాదికొస్తలేదు బిడ్డా.”

రుత్విక్ పుస్తకం మూసి తాత పక్కకు జరిగి కూర్చున్నాడు.

గోడ గడియారం నాలుగుంబావు చూపిస్తున్నది. జమున డైరీలో నుంచి తెల్లకాగితం తీసి, పెన్ను తీసి, మళ్లీ జేబులో పెట్టుకున్నది. గొంతు పెంచలేదు. పక్క క్వార్టర్‌కు వినపడేటంత కూడా లేదు ఆ గొంతు. గదిలో ఉన్న నలుగురికీ మాత్రం ప్రతి మాటా వినపడింది.

“మామా, మీరు ఆ పద్దెనిమిదోది యాదికి తెచ్చుకోండ్రి. మీరు, మీ కొడుకు కలిసి ఇప్పుడే ఇల్లిల్లు తిరిగి గిన్నెలన్ని వాపస్ తెండ్రి, ఎందుకో మీ నోటితోనే చెప్పండ్రి. నేను స్టేషనుకు పోతున్న. సారవ్వ మీద నేను రాసింది తప్పని రాసిస్త, మీ పేరు కూడ నేనే రాస్త. ఇంకొకరి చేతుల రాయనియ్య.”